పచ్చీస్ స్పీడు బండి తాళంచెవి ఎవరి చేతిలో?

మన గల్లీల్లో ఈమధ్య చప్పుడు లేని స్కూటర్లు ఎక్కువయ్యాయి. మోటారు 250 వాట్లలోపు, స్పీడు గంటకు 25 కిలోమీటర్లలోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు మించకుండా ఉంటే కానూన్ వాటిని మోటారు వాహనాల కింద లెక్కగట్టదు. అందుకే లైసెన్సు అడగరు, నెంబరు ప్లేటు ఉండదు.

"సైకిల్‌కి తమ్ముడు, దీనికింత పైసా ఎందుకు?" అని నవ్వేవాళ్లున్నారు. నా రాయ్ వేరు. మన ఖవాతీన్‌కు ఇన్నాళ్లూ దొరకని సహూలత్ ఇది. దవాఖానాకు పోవాలన్నా, పిల్లల్ని బడి నుంచి తేవాలన్నా ఇంట్లో మగవాళ్లకు తీరిక దొరికేదాకా ఇంతెజార్. లేదంటే ఆటో కిరాయి. గేర్లంటే, స్పీడంటే భయపడే అమ్మీ కూడా దీన్ని వారంలో నేర్చుకుంటుంది. బుర్ఖా అంచు, దుపట్టా చక్రంలో పడకుండా సర్దుకుంటే చాలు.

నెమ్మది బండి ఎక్కడం నామోషీ కూడా కాదు. 2024 రంజాన్‌లో మస్జిదుల్ హరామ్ పైకప్పు మీద తవాఫ్ కోసం గోల్ఫ్ కార్టులు పెట్టారు. నడవలేని జయీఫులకు అవి ఎంత రాహత్! మన పెద్ద రైల్వే స్టేషన్లలో ముసలివాళ్లను ప్లాట్‌ఫాం దాకా చేర్చేవీ ఇలాంటి బ్యాటరీ బండ్లే.

నా షికాయత్ బండి మీద కాదు, మన మీద. కొనేటప్పుడు అమ్మీ కోసమంటాం. నెల తిరక్కముందే తాళంచెవి పదకొండేళ్ల బేటా జేబులో ఉంటుంది. వెనక ఇద్దరు దోస్తులు. అడిగితే "లైసెన్స్ అక్కర్లేదు కదా భాయ్" అని జవాబు. కానూన్ అడగకపోతే పిల్లాడికి రోడ్డు తెలిసిపోయినట్టా? వెనక వచ్చే లారీకి మన మాఫీ సంగతి తెలుసా?

ఇంకొందరు మెకానిక్‌తో స్పీడు లాక్ తీయిస్తున్నారు. 25 దాటిందంటే అది మోటారు వాహనమే. మైనర్ నడిపితే 2019 సవరణ ప్రకారం వాలిదైన్‌కు మూడేళ్లదాకా జైలు, 25 వేల జుర్మానా పడవచ్చు.

బ్యాటరీ సంగతీ అంతే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి జానులు పోయాయి. మంటకు బండి స్పీడుతో పనిలేదు. మన ఇరుకు ఇళ్లల్లో మెట్ల కిందే బండి, బయటికి పోవడానికి అదొక్కటే దారి. రాత్రంతా ప్లగ్గు పెట్టి నిద్రపోవడం తవక్కుల్ కాదు, గఫ్లత్. మేలుకుని ఉన్నప్పుడే, గాలి ఆడేచోట, కంపెనీ చార్జర్‌తోనే పెట్టండి.

బండి కొనండి, జరూర్ కొనండి. తాళంచెవి మాత్రం అమ్మీకో, ఆపాకో, రిటైరైన అబ్బాకో ఇవ్వండి. కానూన్ అడగకపోయినా హెల్మెట్ పెట్టించండి. బేటాకు సైకిల్ ఉంది, కాళ్లున్నాయి. కొన్నేళ్లు సబర్ చేస్తే వాడికేమీ నుక్సాన్ లేదు.