బండరాళ్ల బాటలో... ఒంటరిగా!

పారిస్-రూబే సైకిల్ పందెం మొదలైంది 1896లో. అందులో ఆడవాళ్లకు చోటు దొరకడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా? అక్షరాలా 125! 2020లోనే జరగాల్సింది, కరోనా అడ్డుపడింది. చివరికి 2021 అక్టోబరు 2న అమ్మాయిలు బరిలోకి దిగారు.

ఈ పందేనికి 'ఉత్తరాది నరకం' అని పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్లకు నేలమట్టమైన ఉత్తర ఫ్రాన్స్‌ని చూసి 1919లో ఎవరో అన్నమాట అది. అయితే, పేరుకు తగ్గట్టే ఉంటుందా దారి. పొలాల మధ్య ఎగుడుదిగుడుగా పరచిన పాతకాలపు బండరాళ్లు. వాన పడితే వాటిమీద బురద. చక్రం కాస్త జారిందా, మనిషి కింద ఉన్నట్టే. దెనేన్ నుంచి రూబే దాకా 116 కిలోమీటర్లలో ఇలాంటి రాళ్లబాటే 29 కిలోమీటర్లు!

బ్రిటన్ సైక్లిస్టు లిజీ డీగ్నన్ అప్పటికి ఓ పాపకు తల్లి. నిజానికి ఆరోజు ఆమెమీద జట్టు పెద్దగా ఆశలేం పెట్టుకోలేదు. ముందు వరసలో ఉండి తోటివాళ్లకు సాయపడితే చాలనుకున్నారు. కానీ రాళ్లబాట ఇంకా మొదలవకముందే లిజీ గుంపును వదిలి దూసుకుపోయింది. తర్వాత పట్టుకోవచ్చులే అనుకున్నారో ఏమో, వెంటనే ఎవరూ వెంటపడలేదు. అంతే... 80 కిలోమీటర్లు ఒక్కతే తొక్కింది. చేతులకు గ్లవుజులైనా లేవు. ఆ కుదుపులకు అరచేతులు చిట్లి హ్యాండిల్‌కి నెత్తురంటుకుంది. రెండో స్థానంలో నిలిచిన మరియానె వోస్ అంతటి మేటి కూడా నిమిషం 17 సెకన్లు వెనకబడింది.

గెలిచినవాళ్లకిచ్చే జ్ఞాపిక ఏంటంటే, అదీ ఓ బండరాయే! దాంతోపాటు లిజీకి దక్కిన నగదు 1,535 యూరోలు. ఆ మర్నాడు మగవాళ్ల పందెం గెలిచిన సోనీ కోల్‌బ్రెల్లికి 30 వేలు. వాళ్లు తొక్కింది రెట్టింపు దూరమే, డబ్బు మాత్రం దాదాపు ఇరవై రెట్లు. చివరికి లిజీ జట్టే తన జేబులోంచి ఆ తేడా పూడ్చింది.

ఆతిథ్యమిచ్చే ఫ్రాన్స్ అమ్మాయిలకు మాత్రం ఆ రాయి అందడానికి అయిదో పోటీ దాకా ఆగాల్సొచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాన్ని పైకెత్తింది పౌలీన్ ఫెరాన్-ప్రెవో.