ఆర్గన్‌తో పాటు అమ్మాయి

బుక్స్‌టెహూడె పేరెత్తితే చాలు, సంగీతం తెలిసినవాళ్ళు ఓ కథ చెప్పి నవ్వుతారు. జర్మనీలో ల్యూబెక్ పట్నం, మేరీమాత చర్చిలో ఆయన ఆర్గన్ విద్వాంసుడు. ఆయన తర్వాత ఆ ఉద్యోగం సంగతేమిటో చూద్దామని 1703లో హాండెల్, మాటెసన్ అనే కుర్రాళ్ళిద్దరు వెళ్ళారు. పెద్దాయన కూతుర్ని చేసుకోవాలన్న షరతు వినగానే తిరుగుబండి ఎక్కేశారు. పిల్లకి అప్పటికే 28 ఏళ్ళు మరి!

ఇందులో నవ్వడానికేముందండీ? ఆమె పేరు అన్నా మార్గరెటా. ఆమె మనసేమిటో ఎవరైనా అడిగారా?

పెద్దాయన్ని నేను తిట్టను. 1668లో ఆ పీఠమెక్కిన ఏడే తనూ అంతకుముందు విద్వాంసుడు టుండర్ కూతుర్ని చేసుకున్నాడు. తను పోతే ఆడపిల్ల గతేమిటన్న దిగులు కన్నతండ్రికి ఉండదూ? తప్పంతా ఆ ఏర్పాటుది. క్రిస్మస్ ముందు అయిదు ఆదివారాలు ఆయన కచేరీలు విని మురిసిన ఊరికి, ఆయన కూతురికో దారి చూపించడానికి పెళ్ళి షరతు తప్ప మరోటి తోచలేదన్నమాట!

1707లో ఆయన పోయాక, సహాయకుడు షీఫర్‌డెకర్ ఉద్యోగంతో పాటు ఆమెనీ స్వీకరించాడు. కథ సుఖాంతం అంటారు. ఎవరికి?

ఈసారి ఎవరైనా ఈ కథ చెప్పి నవ్వితే, “ఆ అమ్మాయి పేరేమిటండీ?” అని అడిగి చూడండి.