కొడుకు కవి సమ్మేళనాలకు పోతున్నాడట!

పోయిన వారం ఒక పాఠకుడు ఫోన్ చేశారు. జగిత్యాల వైపు పల్లె, పదహారేళ్లుగా ఇక్కడ స్టీల్ ఫిక్సర్ పని. పెద్ద కొడుకు హైదరాబాదులో డిగ్రీ రెండో సంవత్సరం. "సాయంత్రం ఎప్పుడు ఫోన్ చేసినా కవి సమ్మేళనంల ఉన్న, పుస్తకావిష్కరణల ఉన్న అంటడు. నేను ఎండల ఇనుము వంచేది ఇందుకేనా సారూ? బంద్ పెట్టమనాల్నా, ఊకోవాల్నా?" అని అడిగారు. పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. ఇదే అనుమానం ఉన్న తండ్రులు మన క్యాంపుల్లో ఇంకా ఉంటారు కనుక జవాబు అందరికీ కలిపి రాస్తున్నాను.

మొదట డబ్బు సంగతి తేల్చుకుందాం. హైదరాబాదులో సాహిత్య సభలకు సాధారణంగా టికెట్ ఉండదు. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం, 1961 నాటి రవీంద్రభారతి, ఎక్కడైనా సరే, వెళ్లి కూర్చోవడమే. ఎవరు నువ్వు అని అడిగేవారు ఉండరు. స్టూడెంట్ బస్ పాస్ ఉంటే దారి ఖర్చు కూడా మిగులుతుంది. నేను చదువుకునే రోజుల్లో హాస్టల్‌కు పేపర్ రాగానే అందరూ సినిమా పేజీ లాక్కుంటే, మేం నలుగురం 'నగరంలో నేడు' అనే చిన్న పెట్టె వెతుక్కునేవాళ్లం. సాయంత్రం ఎక్కడ సభ ఉంటే అక్కడికి.

ఆ సభలు ఎలా ఉంటాయో కూడా చెప్పాలి. ఆహ్వాన పత్రికలో ఆరు గంటలని ఉంటుంది. ఏడుకు ముందు మొదలైతే అది సభే కాదు. వేదిక మీద తొమ్మిది మంది, కింద పాతిక మంది. ఆ పాతికలో సగం తమ వంతు కోసం వచ్చిన కవులే. తమ కవిత చదవడం అయిపోగానే "ఇంకో కార్యక్రమం ఉంది" అంటూ జారుకుంటారు. శాలువాలు, దండలు, ఒకరినొకరు మహాకవి అనుకోవడాలు సరేసరి. వెనక వరుసలో కూర్చుని బాగా నవ్వుకునేవాళ్లం. చివర్లో టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లు. హాస్టల్ మెస్సు సాంబారు తాగిన వాళ్లకు అదీ తక్కువేం కాదు.

అయినా మళ్లీ మళ్లీ ఎందుకు వెళ్లాం? పల్లె నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడికి సిటీ కాలేజీలో నోరు పెగలదు. ఇంగ్లిష్ రాదు, మాట్లాడితే యాస అని నవ్వుతారు. ఈ హాల్లో మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి అదే యాసలో చదివితే జనం చప్పట్లు కొడతారు. అది చూసినవాడి నడుము నిటారవుతుంది. ఇంట్లో మాట్లాడే మాటే రాతలోకి రావాలని కాళోజీ నారాయణరావు గారు జన్మంతా పోట్లాడారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. మా రూమ్మేట్ ఒకడు బీడీలు చుట్టే తన తల్లి మీద పన్నెండు లైన్లు రాసుకుని, కాళ్లు వణుకుతుండగా వేదిక ఎక్కాడు. ఇచ్చింది మూడు నిమిషాలు. తర్వాత ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా భయం వేయలేదని అనేవాడు.

కవిత్వం అంటే విసుగు అనేవాళ్లు ఒక్కసారి అష్టావధానం చూడాలి. అవధాని ఒక్కరు, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు తలాతోకా లేనట్టు కనిపించే పాదం ఇచ్చి పద్యం పూర్తి చేయమంటారు, అది సమస్య. ఇంకొకరు సంబంధం లేని నాలుగు మాటలు ఇచ్చి వాటితో భారత కథ చెప్పమంటారు, అది దత్తపది. నిషిద్ధాక్షరి పట్టినవారు అడుగడుగునా 'ఈ అక్షరం వాడొద్దు' అని అడ్డం పడతారు. మధ్యలో గంట కొడుతుంటారు, మొత్తం ఎన్నిసార్లు మోగిందో లెక్క చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవారి పని చిలిపి ప్రశ్నలతో వీటన్నిటినీ చెడగొట్టడం. కుర్రాళ్లు ఎక్కువగా దానికోసమే వస్తారు. విడతకు ఒక్కో పాదం చొప్పున నాలుగు విడతల్లో పద్యాలు పూర్తవుతాయి. ఆఖరుకు కాగితం ముట్టకుండా అన్నీ ఒప్పజెబుతారు, దాన్నే ధారణ అంటారు. క్రేన్ మోత, ఫోర్‌మన్ అరుపుల మధ్య బార్ల లెక్క తప్పకుండా కట్టే మనవాళ్లకు అది ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇలా తిరిగి ఎవరైనా బాగుపడ్డారా అంటారేమో. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేట రైతు బిడ్డ సి.నారాయణరెడ్డి గారు డిగ్రీ దాకా ఉర్దూ మీడియంలోనే చదివారు. హైదరాబాదు కాలేజీకి వచ్చాక పైన చెప్పిన భాషా నిలయంలో తెలుగు పుస్తకాలు చదువుకున్నారు. ఆయన 'విశ్వంభర'కు 1988 జ్ఞానపీఠం వచ్చింది. అందెశ్రీ గారైతే బడికే పోలేదు. గొర్రెలు కాశారు, తాపీ పని చేశారు. ఆయన రాసిన 'జయ జయహే తెలంగాణ' 2024లో రాష్ట్ర గీతమైంది. 2025 నవంబరులో ఆయన కన్నుమూశారు. అందరూ అంతవాళ్లు కారు లెండి. మా నలుగురిలో ఒక్కడూ కవి కాలేదు. ఒకడు టీచరు, ఒకడు కోర్టు గుమస్తా, ఒకడికి ఎరువుల దుకాణం, నేను ఇక్కడ.

కనుక పెద్దన్నా, మాన్పించకండి. పరీక్ష మార్కులు మాత్రం తప్పకుండా అడగండి. సబ్జెక్టులు పోతుంటే వారానికి ఒక్క సభ చాలు అని చెప్పండి. అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకో చోట. "మీ కవిత సంకలనంలో వేస్తాం, ఇంత కట్టండి" అనేవాళ్లు, డబ్బు తీసుకుని సన్మానం చేసేవాళ్లు ఉంటారు. కొడుకు "పుస్తకం అచ్చు వేయించుకుంటా, పైసలు పంపు నాయినా" అన్న రోజున గట్టిగా వద్దనండి. ఇరవై ఏళ్లకే సొంత ఖర్చుతో వేసిన పుస్తకాలు మంచం కింద చెదలకు మేత. పత్రికలకు పంపమనండి, తిరిగొస్తే దిద్ది మళ్లీ పంపమనండి.

ఇంకొక మాట. "పైసలు ముట్టినయా" అన్న తర్వాత మాట్లాడుకోవడానికి ఏమీ మిగలని తండ్రీకొడుకులు మనలో చాలామంది. "ఇయ్యాల ఏం విన్నవ్ బిడ్డా? ఒకటి చదువు, నేను గూడ ఇంట" అని అడిగి చూడండి. వాడు తడబడతాడు. అయినా చదువుతాడు.

సభలు కాలేజీ పిల్లలకే అని కూడా అనుకోవద్దు. సింగపూర్‌లో 2014లో వలస కార్మికుల కవితల పోటీ మొదలైంది. మొదటి ఏడాది గెలిచింది భవన నిర్మాణంలో పనిచేసే బంగ్లాదేశీ జాకిర్ హుస్సేన్ ఖోకన్, రెండో ఏడాదీ ఆయనే. మన పక్కన షార్జాలో 1982 నుంచి పుస్తక ప్రదర్శన జరుగుతోంది. ఏటా నవంబరు ప్రాంతంలో, ఎక్స్‌పో సెంటర్‌లో, ప్రవేశం ఉచితం. కవులు వేదిక మీద చదువుతారు, మలయాళీలు ఎంతో మంది వస్తారు. తెలుగువాళ్లం కూడా వెళదాం. సెలవు రోజున రాదలచినవారు మెస్ దగ్గరి నోటీసు బోర్డు మీద పేరు రాసిపెడితే ట్యాక్సీకి నలుగురు దొరుకుతారు.