వెలోసెట్టును ముంచినది పాతదనము కాదు

బ్రిటిషు మోటారుసైకిళ్ల పరిశ్రమ ఏల నశించెనని అడిగినవారికి నేడు సిద్ధముగా దొరకు సమాధానమొకటి కలదు: లోకమెల్ల ముందునకు సాగిపోవుచుండగా ఆ కర్మాగారములవారు ఒంటి సిలిండరు ఇంజనును పట్టుకొని నిలిచినచోటనే నిలిచిరని. బర్మింగుహాము నగరమందలి హాల్ గ్రీనులో గుడ్‌మన్ కుటుంబమువారు నడపిన వెలోసెట్టు సంస్థ విషయమున ఈ మాట సత్యమునకు తలక్రిందులని నా దృఢాభిప్రాయము.

ఆ చిన్న సంస్థ సాధించినది చిన్నది కాదు. పెర్సీ గుడ్‌మన్ రూపొందించిన 350 సీసీ 'కె' ఇంజనుతో 1926లో అలెక్ బెన్నెట్, ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపమున జరిగిన జూనియర్ టీటీ పందెమును, రెండవవానిని పది నిమిషములకు పైగా వెనుకవైచి గెలిచెను. అంతకన్న ఘనమైన పని హెరాల్డ్ విల్లిస్ అను ఇంజనీరు చేసినది. గేరు మార్చవలసిన ప్రతిసారియు చోదకుడు హ్యాండిలుబారునుండి ఒక చేయి తీసి, ట్యాంకు ప్రక్కనున్న కడ్డీకై తడుముకొను ఆ కాలమున, ఆయన 1928 ప్రాంతమున, కాలితో ఒకమారు కదపినచో ఒక్క గేరు మాత్రమే మారి, మరల తన యథాస్థానమునకు తానే వచ్చి నిలుచు పెడలును సిద్ధపరచెను. నేడు విజయవాడలోనైనను వరంగల్లులోనైనను బైకుమీద కాలితో గేరు వేయు ప్రతి యువకుడును ఆ విల్లిస్ మహాశయునకు ఋణపడియున్నాడు. ఈ సంగతి మన పాఠశాలలలో చెప్పదగినదని నేను భావింతును.

అయితే నేను ముఖ్యముగా చెప్పదలచినది 1933లో వెలువడిన 'ఎమ్‌ఓవీ' అను 250 సీసీ బండిని గూర్చి. సిలిండరు తలపై క్యాంషాఫ్టు గల 'కె' ఇంజనును కూర్చుటకు నిపుణుల శ్రమయు వ్యయమును అధికముగా కావలసియుండుటచేత, యూజీన్ గుడ్‌మన్ ఆ క్యాంషాఫ్టును క్రిందికి దించి, అయినను వీలైనంత ఎత్తుననే యుంచి, పుష్‌రాడ్లను పొట్టివిగా, తేలికైనవిగా చేసెను. తత్ఫలితముగా ఇంజను వేగముగా తిరుగుటకు అడ్డుపడు బరువు తగ్గెను, తయారీ ఖర్చును తగ్గెను. ఆ ఒక్క ఆలోచననుండియే 1934లో 350 సీసీ 'మ్యాక్', 1935లో 500 సీసీ 'ఎమ్‌ఎస్‌ఎస్', తుదకు 1955లో 'వెనమ్' పుట్టినవి. పాత కత్తిని పారవేయక దానినే మరల మరల సానపట్టిన ఈ పద్ధతిని జడత్వమనుట న్యాయము కాదు. 1961 మార్చిలో పారిస్ సమీపమందలి మాంట్లేరీ పథముపై ఒక వెనమ్, చోదకులు మారుచుండగా, రేయింబవళ్లు 24 గంటలు పరుగెత్తి గంటకు 100 మైళ్లకు పైగా సగటు వేగమును నిలుపుకొనెను. అంతకుముందు ఏ మోటారుసైకిలును ఈ పని చేసియుండలేదు; దీనిని చేసినది కాలము చెల్లినదని అందరును పెదవి విరచిన ఒంటి సిలిండరు బండియే.

మరి సంస్థను కుంగదీసినదేది? నవీనతయే. సామాన్యజనులందరును కొందురను ఆశతో 1948లో నీటితో చల్లబడు రెండు సిలిండర్ల ఇంజను గల 'ఎల్‌ఈ' అను నిశ్శబ్దమైన చిన్న బండిని తెచ్చి, ఉక్కురేకులను ఒత్తి రూపమిచ్చు అచ్చులకును యంత్రములకును ఆ కుటుంబమువారు తమ శక్తికి మించి ధనము వెచ్చించిరి. గస్తీ తిరుగుటకు అనువైనదని పోలీసు దళములు దానిని ఆదరించినవి గాని, తలచినంతమంది జనులు కొనలేదు. 1960లో వచ్చిన 'వైస్‌రాయ్' స్కూటరు ఆ పాటి ఆదరణకును నోచుకొనలేదు. 1971లో కర్మాగారము మూతపడెను.

ఒంటి సిలిండరునే నమ్ముకొనియున్నచో వెలోసెట్టు నేటికిని నిలిచియుండెడిదని నేననను. జపాను యంత్రముల వెల్లువ ఎదుట అంతకన్న బలవంతులే కూలిరి. కాని తన చేతికి వశమైన విద్యను వీడి, పెద్ద కర్మాగారములు మాత్రమే మోయగల భారమును నెత్తికెత్తుకొననిచో, హాల్ గ్రీను శాల మరికొన్ని యేండ్లు తలుపులు తెరచియే యుండెడిదనియు, ఆ నేరమును వెనమ్ పై మోపుట చరిత్రకు అన్యాయమనియు నా విశ్వాసము.