గృహచర్చ: సెలవులును, దూరదేశ సేవాయాత్రయు

ఇప్పుడు మన యిండ్లనుండి అమెరికాకు చదువులకై వెళ్ళు బాలికలు పెక్కండ్రు గలరు. అచ్చటి కళాశాలలలో డిసెంబరు నడుమ నొక సెమిస్టరు ముగిసి జనవరిలో మరియొకటి యారంభమగును. ఆ నడుమ దొరకు కొలదివారములకు బిడ్డ యిల్లు చేరినచో తల్లికి పండుగయే. తలంటి పోసి, సున్నుండలు చుట్టి, కడుపునిండ నిదురపోనిచ్చి, చిక్కిన బిడ్డను మరల మనిషిని చేయవలెనని యామె తలంచుచుండును. అట్టి సమయమున ఆ పిల్ల "వేసవిలో మా కళాశాలవారితో గూడి ఆఫ్రికాలో నొక పల్లెకు నీటివసతి కల్పింప బోవుచున్నాను" అని చెప్పినచో తల్లిగుండె ఝల్లుమనుట సహజము. పంపవలెనా, వలదా? పంపినచో ఈ సెలవుదినము లెట్లు గడుపవలయును? ఈ మాసము దీనినే విచారింతము.

విద్యార్థు లిట్లు పరదేశములకు సేవకై పోవుట క్రొత్తగాదు. 1960 అక్టోబరు 14వ తేదీని, అర్ధరాత్రి దాటిన పిమ్మట, మిచిగన్ విశ్వవిద్యాలయమున కెన్నెడీ విద్యార్థులను ఈ విషయమై ప్రశ్నించెను. 1961 మార్చి 1న ఆయన పీస్ కోర్ అను సంస్థను నెలకొల్పెను. ఆ తరువాత చాలకాలమునకు బెర్నార్డ్ అమదై యను ఆచార్యుడు, కొలరాడో విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు బోధించువాడు, 2000లో బెలీజు దేశమందలి సాన్ పాబ్లో యను పల్లెను చూచెను. అచ్చటి చిన్నపిల్లలు ఏటినుండి నీరు మోయుటలోనే ప్రొద్దుపుచ్చి బడికి పోలేకుండిరి. 2001లో ఆయన ఎనమండుగురు విద్యార్థులతో మరల పోయి, సమీపమందలి జలపాతపు బలముతోనే నీటిని పల్లెకు చేర్చు నేర్పాటు చేసెను. ప్రయాణపు ఖర్చులతో గూడ నైన వ్యయము 14,000 డాలర్లు మాత్రమే. 2002లో "సరిహద్దులు లేని ఇంజనీర్లు" అను అమెరికా సంఘము దీనినుండియే పుట్టినది.

నీటిపని స్త్రీలపని యని మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటిలో నీటివసతి లేనివారు లోకమున 180 కోట్లమంది కలరనియు, అట్టి కుటుంబములలో పదింట ఏడింట నీరు తెచ్చు భారము స్త్రీలపైననే యున్నదనియు 2023లో ప్రపంచారోగ్య సంస్థయు యూనిసెఫ్‌ను ప్రకటించినవి. ఇరువది లీటర్ల నీరనగా ఇరువది కిలోల బరువు. దానిని నెత్తిన మోసిన మెడకే దాని విలువ తెలియును.

అయినను మంచి మనసొక్కటియే చాలునా? చాలదు. పిల్లలు రంగులరాట్నముపై తిరిగి యాడుకొనుచుండగా నీరు పైకెక్కు పంపు నొకదానిని దక్షిణాఫ్రికాలో కనిపెట్టిరి. 2006లో దాని వ్యాప్తికై 1 కోటి 64 లక్షల డాలర్లు అమెరికాలో ప్రకటింపబడెను. ఆలోచన ముచ్చటయైనదే, కాని పిల్లలు రోజంతయు ఆడుదురా? పిల్లలు లేని వేళ ముదుసలి యాండ్రు నడుము వంచి ఆ చక్రమును త్రిప్పవలసి వచ్చెను. చెడినపుడు బాగుచేయువారు దొరకక కొన్నియెడల నెలల తరబడి నీరే లేకపోయెను. నీరు మోయు ఆడువారిని "మీ కిది యనుకూలమా?" యని ముందుగా నడిగియున్నచో ఇంత ధనమును శ్రమయు వ్యర్థము గాకుండెడివి.

ఇంతకంటె దారుణమైనది బంగ్లాదేశపు కథ. చెరువునీరు త్రాగి పిల్లలు అతిసారముచే మరణించుచుండగా, 1970 తరువాత యూనిసెఫ్ మొదలగువారి తోడ్పాటున అచ్చట లక్షలకొలది గొట్టపుబావులు వెలసెను. నీరు చూపునకు తేటగానే యుండెను. కాని అందు ఆర్సెనిక్ అను పాషాణవిషము కలదని 1993లో రూఢియయ్యెను. మన నల్లగొండ ప్రాంతపు తేటనీటిలోని ఫ్లోరైడు ఎముకలను వంచిన సంగతి మన మెరుగుదుము. అట్టి నీటిని పటికతోడను సున్నముతోడను బాగుచేయు విధానమును నాగపూరునందలి పరిశోధనాలయమువారు కల్పించిరి. దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. తూర్పు ఆఫ్రికా దేశములందును ఫ్లోరైడు బాధ కలదు గనుక అచ్చటను దీనిని ప్రయోగించిరి. మన పిల్ల తోడి విద్యార్థులకు చెప్పదగిన సంగతి యిది. ఎంత మరిగించినను ఆర్సెనిక్ గాని ఫ్లోరైడు గాని పోదు. నీటిని పరీక్షింపక బావి త్రవ్వరాదు.

1968 ఏప్రిల్ 20న ఇవాన్ ఇల్లిచ్ అను పండితుడు, సేవకై మెక్సికోకు పోవు అమెరికా విద్యార్థులను కఠినముగ మందలించెను. మేలు చేయుదుమని రావలదు, నేర్చుకొనుటకు రండు అనుటయే ఆయన మాటల సారము. ఆ మాట చేదైనను మందువంటిది.

కావున ఈ సెలవులలో బిడ్డ చేయవలసిన పనులు మూడు. మొదటిది, పోవు పల్లెవారి భాషలో కుశలప్రశ్నలు, నీరు, నొప్పి, ధన్యవాదము మొదలగు మాటలైనను వల్లించుట. రెండవది, చేతిపని. పుస్తకమున పంపుబొమ్మ గీసిన పిల్ల మన వీధి చివరి చేతిపంపును మరమ్మతు చేయువాని ప్రక్కన ఒక పూట కూర్చుండినచో, ఏ తోలుబిళ్ళ ముందుగ నరుగునో, దాని వెల యెంతయో తెలిసికొనును. మూడవది, వినుట. బిందెలు మోసిన అమ్మమ్మలు మన యిండ్లలోనే కలరు. ఏ వేళకు నీటికి పోయెడివారు, బావియొద్ద తగవు లెట్లు తీరెడివి యని వారి నడిగినచో ఏ కళాశాలయు చెప్పని పాఠము దొరకును.

దేహరక్షణయు ముఖ్యమే. కొన్ని దేశములకు పచ్చజ్వరపు టీకా తప్పనిసరి. దానిని ప్రయాణమునకు పదిదినములైనను ముందు వేయించవలయును. ఆ జ్వరమున్న దేశములనుండి మన దేశమునకు వచ్చునపుడును ఆ పత్రము నడుగుదురు. మలేరియా మాత్రలు ముందునుండి మ్రింగి, తిరిగివచ్చిన పిదపను వైద్యుడు చెప్పినన్ని దినములు మానరాదు. త్రాగునీరు తెరలి ఒక నిమిషమైనను మరుగవలయును. విరేచనములు పట్టినచో లీటరు కాచిన నీటిలో ఆరు సమపు చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలిపి త్రాగవలయును. చెంచా యనగా టీచెంచా. దీనిని బిడ్డచేత ఒకమారు ఇంటనే చేయించుడు.

ఇక తల్లులకు మా మనవి. వలదని కంటనీరు పెట్టుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేయుడు. ఈ పనిని ఆ పల్లెవారు కోరిరా? అందు స్త్రీల నడిగిరా? చెడినపుడు బాగుచేయువా రెవరు? మీ కళాశాలవారు మరల ఎన్నడు పోవుదురు? పైన చెప్పిన సంఘమువారు ఒక పల్లెతో ఐదేండ్ల సంబంధమును నిలుపుకొనవలెనని నియమము పెట్టుకొనిరి. ఒకమారు పోయి ఛాయాచిత్రములు తీసికొని వచ్చుటను వారు సేవ యనలేదు. ఈ ప్రశ్నలకు బిడ్డ తడబడినచో, ఆ తడబాటు తీరువరకు పయన మాగవచ్చును. సూటిగ బదులు చెప్పినచో సంతోషముగ పంపుడు.

అయితే సెలవంతయు సన్నాహమే కాకూడదు. అలసిన దేహముతో పోయిన పిల్ల ఆ పల్లెవారికి భారమగునేగాని తోడు కాదు. కావున సున్నుండలు మానవలదు, తలంటును మానవలదు. ప్రొద్దుట రెండు గంటలు నేర్చుకొనుటకు విడిచి, తక్కిన ప్రొద్దు బిడ్డను బిడ్డగా నుండనిండు.