సోలమన్ మాస్టారి ధైర్యం

రామనాథపురం ష్వార్జ్ హైస్కూల్లో చేరిన కొత్తలో అబ్దుల్ కలాం ఇంటి మీద బెంగతో కుమిలిన కుర్రాడు. చదువుల్లేని ఇంటి పిల్లవాడైనా అనుకున్నది కాగలడని నమ్మకం నూరిపోసింది ఇయదురై సోలమన్ మాస్టారు. అక్కడే లెక్కల మాస్టారు రామకృష్ణ అయ్యర్, పొరపాటున తన తరగతిలోకి వచ్చాడని కలాంను అందరి ముందూ బెత్తంతో కొట్టారు. కొన్ని నెలలకు అతనికి లెక్కల్లో నూటికి నూరు వస్తే, ఉదయం ప్రార్థనవేళ ఆ సంగతి బడి మొత్తానికీ తానే చెప్పారు. ఎంత పెద్ద మనసు! 1999లో వెలువడిన ఆత్మకథలో కలాం ఇద్దరినీ పేరుపేరునా తలచుకున్నారు.

మన ఊళ్లలోనూ పూర్వ విద్యార్థులు ఏటా మాస్టార్లకు శాలువాలు కప్పుతున్నారు. సంతోషం. అదే బడిలో లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉంటే, దానికోసమూ వాళ్లే గట్టిగా అడగాలి.