అరకు కొండల అలుగు

అరకులోయ యనగానే మనకు కాఫీతోటలును, వలిసెపూలును, బొర్రా గుహలును జ్ఞప్తికి వచ్చును. ఆ తూర్పు కనుమల యడవులలో ఎలుగుబంటియు, కణుజును, బెట్టుడుతయు గలవు. వానికంటె సాధువైన తల్లి యొకతె యచటనే గలదు. దాని పేరు అలుగు. ఈ మాసము దానిగూర్చియే వ్రాయుచున్నాము.

పిల్లలకు పాలిచ్చు జంతువులలో ఒడలెల్ల పొలుసులు గలది అలుగొక్కటియే. దానికి పండ్లు లేవు. పగలు బొరియలో నిద్రించి, రేయి వెలువడి, వాసనచే పుట్టలను కనుగొని, గోళ్లతో త్రవ్వి, జిగురుగల పొడవైన నాలుకతో చీమలను, చెదలను పట్టి మ్రింగును. ఇంటి దూలములను తినివేయు చెదలతో విసిగిన గృహిణికి దీని యుపకారము వేరుగ చెప్పనక్కరలేదు.

అలుగు సామాన్యముగ ఒక కానుపున ఒక్క పిల్లనే కనును. దానిని తోకమొదట నెక్కించుకొని తిరుగును. భయము గలిగినచో పిల్లను కడుపున నదుముకొని బంతివలె చుట్టుకొనును. క్రూరమృగముల కోరలకు సులభముగ లొంగని యా బంతిని మనుష్యుడు చేతితో నెత్తి సంచిలో వేసికొనిపోవును. ప్రాణము కాచు నుపాయమే దానికి చేటయ్యెను.

ఇదంతయు ఆ పొలుసులకొఱకే. వానితో చేసిన యుంగరము ధరించిన మూలవ్యాధి శమించునని మనలో కొందరి నమ్మకము. మన గోళ్లును, వెండ్రుకలును ఏ పదార్థముతో నైనవో, ఆ పొలుసులును ఆ పదార్థముతోనే యైనవి. కత్తిరించి పారవేయు గోటియందు లేని మహిమ వానియందెట్లుండును? చీనాదేశము సైతము 2020లో తన యౌషధగ్రంథపు మూలద్రవ్యముల పట్టికనుండి వానిని తొలగించినది.

ఈ పాపమును కొండవారిపై మాత్రమే మోపుట న్యాయముకాదు. చైత్రమున ఇటుకల పండుగకు మగవారు వేటకేగుటయు, వట్టిచేతులతో వచ్చినవారిని స్త్రీలు ఎగతాళి చేయుటయు అచటి పాత యాచారము. కాని పండుగ కొలదిదినములలో ముగియును. పొలుసుల బేరగాని యాశకు ముగింపు లేదు. ఆ యాశను పోషించునది కొనువారి ధనమే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి అత్యున్నత రక్షణ నొసగినది. చంపినను, అమ్మినను, కొన్నను మూడు మొదలు ఏడేండ్లవరకు కారాగారము గలదు. 2016లో లోకరాజ్యములు కూడి అన్ని జాతుల అలుగుల వ్యాపారమును నిషేధింప నిశ్చయించినవి.

కావున అలుగు పెంకు టుంగరమును ఎవరు తెచ్చినను కొనకుడు. ఎచటనైన అలుగు కనబడినచో ముట్టక, ఇంటికి తేక, అటవీశాఖవారికి తెలుపుడు; బంధించి పెంచిన నది మిక్కిలి కష్టముగ బ్రదుకును. ఒక్క పెంకు నిరాకరించిన యిల్లాలు, కన్నులజూడని యొక తల్లిని, దాని తోకపైనున్న బిడ్డను గాపాడినదగును.